తెలీదు డాక్టరు

ఆయనకి చొక్కా కుట్టడం కంటే ఏనుగుకి అంగీ కుట్టడం సులువు. కొలతలు తీసుకున్నంతసేపూ చేతులు చాచి బుద్ధిగా నిలబడతారు. తీరా కుట్టి ఇచ్చాక, వేసుకుని అద్దంలో చూసుకున్నాక, "ఎలా ఉంది డాక్టర్‌గారూ?" అని అడిగితే, "ఇప్పుడే తెలీదమ్మా. ఒకరోజు తొడుక్కుని తిరిగి చెప్తాను" అంటారు. కొట్లో మరో నలుగురు ఉండగా ఆ మాట అంటే నాకు ఒళ్ళు మండుతుంది. విన్నవాళ్ళు దర్జీకి చేతకాలేదనుకోరూ? ఇంకెవరైనా అయితే ఆ గుడ్డ మొహాన కొట్టి పంపేసేదాన్ని. ఈయన్ని మాత్రం పల్లెత్తు మాట అనను. మా తమ్ముడు ఇవాళ బతికి బట్టకట్టి నా కళ్ళ ముందు తిరుగుతున్నాడంటే, అది ఆయన 'తెలీదు' అనబట్టే.

ఆయన జ్వరాలకీ దగ్గులకీ మందిచ్చే డాక్టరు కాదు. పెద్దాసుపత్రి వెనక, దుప్పట్లు ఉతికే గదులు దాటాక మార్చురీ ఉంది. రిటైరయ్యేదాకా ఆయన ఉద్యోగం అక్కడే. ఎవరైనా మామూలుగా కాక వేరే విధంగా పోతే, ఎలా పోయారో చూసి చెప్పడం ఆయన పని. తుపాకీ చావు అయితే మరీ ఆయన దగ్గరికే వచ్చేది. గుండు ఎటునుంచి వెళ్ళింది, ఎంత దూరం నుంచి పేలింది అన్నది అందులో సగమే. మిగతా సగం కష్టమైనది. ఇది ఇంకొకరు చంపిందా, తనకు తాను చేసుకున్నదా, పొరపాటున జరిగిందా? ఈ మూడింట్లో ఏదీ తేలకపోతే 'తేల్చలేం' అని రాయడానికి కూడా ఆయన సిగ్గుపడేవారు కాదు. చిల్లు ఒకటే, కానీ ఆయన దానికి పెట్టే పేరును బట్టి ఒక ఇంటి మనిషి జైలుకి పోతాడు, లేదా ఇంకో ఇంట్లో పిల్లలు తండ్రి మాట ఎత్తితే తల దించుకుని పెరుగుతారు.

పోలీసులకి ఆయనంటే విసుగు. శవం పక్కన నిలబడి "ఏంటి సార్, హత్యేగా?" అని అడిగితే "ఇప్పుడే తెలీదు" అనేవారు. మర్నాడు అడిగినా అదే జవాబు. వాళ్ళే ఆయనకి తెలీదు డాక్టరు అని పేరు పెట్టారు. అది మార్చురీ అటెండరు దగ్గర్నించి క్యాంటీను దాకా పాకింది. ఇంట్లోనూ అంతేనట. ఆయన భార్య లెక్కల టీచరు, నా దగ్గరే బట్టలు కుట్టించుకుంటుంది. "మా పెద్దవాడు పుట్టినప్పుడు నర్సు ఎత్తుకొచ్చి చూపించి, 'మీ పోలికా, మేడమ్ పోలికా సార్?' అంది. ఈయన కళ్ళజోడు సర్దుకుని, కాస్త పెరగనివ్వండి, అప్పుడు చెప్తాను అన్నారు" అని చెప్పి తనే పడీ పడీ నవ్వింది.

ఆయన ఇలా ఎందుకయ్యారో జనం రకరకాల కథలు అల్లుతారు. వయసులో ఉండగా తొందరపడి ఎవరికో అన్యాయం చేశారనీ, అప్పట్నించీ భయమనీ. నేను ఉండబట్టలేక టీచరమ్మనే అడిగేశాను. "అబ్బే, ఏ కథా లేదు. పుట్టుకే అంత. మా అత్తగారు కూడా పొయ్యి మీద గిన్నె దించేలోపు నాలుగుసార్లు రుచి చూసేది" అంది. కథ లేకపోవడమే నాకు నచ్చింది.

ఇక మా తమ్ముడి సంగతి.

వాడు ఒక బ్యాంకులో గార్డుగా చేసేవాడు. వాడితోపాటు వయసులో పెద్దవాడు ఇంకొకాయన ఉండేవాడు. అందరూ పెద్ద గార్డు అనేవారు. తమ్ముడు ఆయన్ని అన్నా అనీ, ఆయన భార్యని వదినా అనీ పిలిచేవాడు. వాడి వెనకే నేనూ ఆవిడ్ని వదినా అనడం మొదలుపెట్టాను. ఆవిడ కుట్టుపని నేర్చుకోలేదు గానీ సూది పట్టుకుంటే నాకే కన్ను కుట్టేంత శుభ్రంగా కుట్టేది. బ్యాంకు వాళ్ళు కాదు, గార్డుల కంపెనీ వాళ్ళు పెద్ద గార్డుకి ఒక పాత తుపాకీ ఇచ్చారు. పొడుగాటి ఒంటి గొట్టం. సుత్తిలాంటి భాగం వెనకాల బయటికే కనిపించేది. దాన్ని వేలితో వెనక్కి లాగి మీట నొక్కితేనే పేలుతుందని అందరి నమ్మకం.

ఒక చలికాలపు పొద్దున్న, బ్యాంకు తలుపులు ఇంకా తెరవకముందు, గార్డుల గదిలో ఆ తుపాకీ పేలింది. గదిలో ఉన్నది వాళ్ళిద్దరే. పెద్ద గార్డుకి ఎడమ భుజం కింద, ఛాతీ పైభాగంలో తగిలింది. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం ఉంది, కాసేపటికి పోయింది. మా వాడు రక్తం చొక్కాతో క్యాజువాలిటీ గోడకి ఆనుకుని కూర్చుని ఉంటే, అక్కణ్ణించి అలాగే స్టేషనుకి తీసుకుపోయారు.

వాడు మొదట్నించి చివరిదాకా ఒకటే మాట చెప్పాడు. "నేను అటు తిరిగి ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నాను. అన్న బెంచీ వెనక నిలబెట్టిన తుపాకీ తీస్తున్నాడు. చప్పుడైంది. తిరిగి చూసేసరికి కింద పడున్నాడు." ఎవరు నమ్ముతారు? ముందురోజే ఇద్దరూ సెలవు రోజు ఎవరు తీసుకోవాలన్న దాని మీద బ్యాంకు మెట్ల దగ్గర, వచ్చేపోయేవాళ్ళంతా చూస్తుండగా అరుచుకున్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు మా వీధివాళ్ళు. నా కొట్టుకి రావడం కూడా మానేశారు.

గాయం కూడా వాడికి ఎదురు తిరిగింది. తుపాకీ గొట్టం ఒంటికి ఆనించి పేలిస్తే చర్మం మీద మసి అంటుకోవాలి, అంచులు కమలాలి. పెద్ద గార్డు ఒంటి మీద మసీ లేదు, కమిలిందీ లేదు. అంటే కొంచెం దూరంలో నిలబడి ఎవరో కాల్చారన్నమాట. గదిలో ఉన్న ఆ ఎవరో మా వాడే.

"ఇంకేం కావాలి సార్, రాసిచ్చేయండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇప్పుడే తెలీదు. ఇతని బట్టలేవి?" అన్నారు డాక్టరు.

నేను వరండాలో కిటికీ పక్క బెంచీ మీద ఉన్నాను కాబట్టి ఆ మాటలు నా చెవిన పడ్డాయి. డాక్టరుకే తెలీకపోతే ఇంక మమ్మల్ని గట్టెక్కించేదెవరు?

బట్టలు లేవు. ప్రాణం నిలబెట్టే హడావుడిలో క్యాజువాలిటీ వాళ్ళు కోటూ, స్వెట్టరూ, చొక్కా కత్తెరతో చీల్చి పక్కన పడేశారు. అలాంటప్పుడు ఎవరైనా చేసేది అదే. చెత్తలో కలిసిపోయి ఉంటాయన్నాడు ఇన్‌స్పెక్టరు. డాక్టరు ఏప్రన్ విప్పి తగిలించి, తనే క్యాజువాలిటీకి నడిచి వెళ్ళి అందర్నీ అడిగారు. చివరికి ఒక ఆయమ్మ, "నేనే మూట కట్టి వాళ్ళావిడ చేతికిచ్చానండీ. ఇంటివాళ్ళవి ఇంటివాళ్ళకి ఇవ్వాలి కదా" అంది.

డాక్టరు, ఇన్‌స్పెక్టరు కలిసి వదిన ఇంటికి వెళ్ళారు. అక్కడేం జరిగిందో తర్వాత వదినే నాకు చెప్పింది. చొక్కా, స్వెట్టరు అప్పటికే నానబెట్టి ఉతికేసింది. కోటు మాత్రం కంపెనీది. మనిషి పోయినా, ఉద్యోగం పోయినా యూనిఫారం తిరిగి అప్పజెప్పాలని రూలు. పరాయి సొమ్ము ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచుకోని మనిషి ఆవిడ. పైగా ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందట. అందుకని చీల్చిన చోటల్లా కలిపి కుట్టింది. గుండు తగిలిన చిల్లుకి లోపలివైపు అదే రంగు గుడ్డ ముక్క అతికి, చుట్టూ దగ్గర దగ్గరగా రఫ్ఫు వేసింది. మడతపెట్టి, సంచీలో పెట్టి, కంపెనీకి పంపడానికి గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంచింది.

ఇన్‌స్పెక్టరు తల పట్టుకున్నాడు. ఉన్న ఒక్క సాక్ష్యం మీదా సూదీ దారం నడిచిపోయాయి. డాక్టరు కోటుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీన్ని కూడా ఉతికారామ్మా?"

"లేదండీ. ఉన్ని కోటు కదా, నీళ్ళలో వేస్తే ముడుచుకుపోద్ది. మరకలున్న దగ్గర మాత్రం తడిగుడ్డతో అద్దాను."

"రుద్దారా?"

"రుద్దితే నూగు లేచిపోద్దని రుద్దలేదు."

"చాలా బాగా కుట్టారు" అన్నారట డాక్టరు. ఇన్‌స్పెక్టరు "ఇంకేముంది సార్ అందులో" అంటే, "తెలీదు. విప్పి చూడాలి" అన్నారట.

ఆ విప్పడం నేను కళ్ళారా చూశాను. వరండాలోకి తెరుచుకునే ఆయన గది కిటికీలోంచి బల్ల కనిపించేది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద కోటు పెట్టి, నుదుటికి భూతద్దం కట్టుకుని, చిన్న కత్తెరా పట్టకారూ పట్టుకుని కూర్చున్నారు. ఒక కుట్టు తెంపడం, ఫోటో తీయడం, ఆ దారప్పోగుని కాగితంలో పెట్టడం, మళ్ళీ ఇంకో కుట్టు. దర్జీదాన్ని, కుట్టు విప్పడమంటే నేను కళ్ళు మూసుకుని చేసే పని. ఆయన ఒక్కో పోగూ లాగుతుంటే నా చేతులు ఊరుకోలేదు. పొద్దున వెళ్ళినదాన్ని మధ్యాహ్నం దాకా ఓర్చుకుని, చివరికి కిటికీ దగ్గరికి వెళ్ళి, "డాక్టర్‌గారూ, ఇటివ్వండి, చిటికెలో విప్పి పెడతాను" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "మీరు ఈ గుమ్మం దాటకూడదమ్మా. మీ చెయ్యి పడితే నష్టం మీ తమ్ముడికే. వెళ్ళి ఏదన్నా తినిరండి" అన్నారు.

ఆ రోజుల్లో నన్ను తిన్నావా అని అడిగిన మనిషి ఆయన ఒక్కరే.

కుట్లన్నీ ఊడినా కంటికి ఏమీ కనపడలేదు. ముదురు నీలం గుడ్డ మీద నల్లటి మసి ఎలా కనపడుతుంది? మన కంటికి అందని వెలుగులో ఫోటో తీసే కెమెరా ఒకటి ఉంటుందట, దాంతో తీయించారు. ఆ ఫోటోలో చిల్లు చుట్టూ నల్లటి వలయం, దిష్టిచుక్క అంత స్పష్టంగా వచ్చింది. భూతద్దంలో చూస్తే అక్కడి ఉన్ని కొసలు కమిలి ఉండలు కట్టి ఉన్నాయి. అంటే తుపాకీ మూతి కోటుకి ఆనుకునే ఉంది. మసినంతా దళసరి కోటూ, దాని కింద స్వెట్టరూ పట్టేసుకున్నాయి, చర్మం దాకా చేరనివ్వలేదు. దూరం నుంచి ఎవరూ కాల్చలేదు. వదిన అతుకు పైన కాక లోపల వేయడం వల్ల, రుద్దకపోవడం వల్ల, ఆ వలయం చెక్కుచెదరకుండా మిగిలింది. నడివీధిలో నన్ను పట్టుకుని "నీ తమ్ముడి చేతులు పడిపోను" అని శపించిన ఆ మనిషి జాగ్రత్తే నా తమ్ముణ్ణి కాపాడింది. ఆవిడకి నేను ఎన్ని జన్మలెత్తి రుణం తీర్చుకోవాలి?

ఇన్‌స్పెక్టరు వెంటనే రెండో గట్టు మీదికి దూకాడు. "ఆనించి పేల్చుకున్నాడంటే ఆత్మహత్యే కదా సార్." ఆ మాట వదిన చెవిన పడింది. మొగుణ్ణి ఎవరో చంపారన్న బాధ పోయి, నన్ను వదిలించుకుని పోయాడా అన్న బాధ పట్టుకుంది. దానికి మందు లేదు. నిజం చెప్పాలంటే నాకు అది చాలనిపించింది, మా వాడు బయటపడతాడు కదా. డాక్టరుకి చాలలేదు. "తెలీదు" అన్నారు.

పెద్ద గార్డు చెయ్యి పొడవు కొలిచారు. తుపాకీ పొడవు కొలిచారు. మూతి అక్కడ ఆనించుకుంటే చెయ్యి మీట దాకా అందదు, జానెడు తక్కువవుతుంది. కర్రతోనో తాడుతోనో నొక్కి ఉండాలంటే అలాంటివేవీ గదిలో దొరకలేదు. కాలి వేలితో నొక్కి ఉండాలంటే కాళ్ళకి బూట్లున్నాయి, లేసులు కట్టే ఉన్నాయి. పైగా గుండు కిందినుంచి పైకి, వెనక్కి వెళ్ళింది.

అప్పుడు ఆయన తుపాకీ అంత పొడుగున్న కర్ర ఒకటి కోయించి, సుత్తి ఉండే చోట దానికి ఒక మేకు కొట్టించి, బ్యాంకుకి వెళ్ళారు. గార్డుల గదిలో ఇనప బెంచీ వెనక ఆ కర్రని నిలబెట్టి, "మీరూ ఆయనా ఇంచుమించు ఒకే ఎత్తు. టీకి లేస్తూ తుపాకీ అందుకున్నట్టు దీన్ని తీయండి" అన్నారు ఇన్‌స్పెక్టరుతో. ఇన్‌స్పెక్టరు నవ్వుతూనే బెంచీ మీదుగా వంగి, కర్ర పైకొస పట్టుకుని తనవైపు లాగాడు. మేకు బెంచీ కడ్డీకి తగులుకుంది. తగులుకున్న చోట కడ్డీ మీద పెయింటు అప్పటికే కొత్తగా గీరుకుపోయి ఉంది. కర్ర కొస ఎక్కడుందా అని ఇన్‌స్పెక్టరు తల దించి చూసుకుంటే, తన ఎడమ భుజం కింద, సరిగ్గా ఆ చోటే ఆనుకుని ఉంది. ఇన్‌స్పెక్టరు నవ్వు ఆగిపోయిందని, వాళ్ళ వెంట వెళ్ళిన మార్చురీ అటెండరు చెప్పాడు.

తుపాకీని ల్యాబుకి పంపితే అక్కడి ఆయుధాల నిపుణుడు విప్పి చూశాడు. సుత్తిని వెనక్కి లాగినప్పుడు పట్టి ఉంచాల్సిన లోపలి పన్ను అరిగిపోయింది. ఏదైనా తగులుకుని సుత్తి వెనక్కి వెళ్ళి జారితే చాలు, మీట ముట్టుకోకుండానే పేలుతుంది. ల్యాబులో గుండు లేని ఖాళీ తూటా పెట్టి పేల్చి చూపించాడు కూడా. అప్పటికి గానీ డాక్టరు కలం తీయలేదు. ప్రమాదం అని రాశారు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నిలకడగా ఉండే మనిషి దొరకాలి ముందు. మాకు దొరికారు.

మా వాడు ఇంటికొచ్చాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆయనకి ఒక పద్ధతి ఉంది. రిపోర్టు కోర్టుకి చేరాక ఇంటివాళ్ళని పిలిచి, అందులో ఏముందో మామూలు మాటల్లో తనే చెప్తారు. రెండు పక్షాలుంటే ఇద్దర్నీ ఒకే గదిలో, ఒకేసారి కూర్చోబెడతారు. విడివిడిగా చెప్తే ఒకరికి ఎక్కువ చెప్పారని ఇంకొకరు అనుకుంటారట. వదినతో ఒకే గదిలో కూర్చోవడమంటే నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. ఆవిడ కిటికీవైపు మొహం పెట్టుకుని కూర్చుంది. మా తమ్ముడు తలుపు దగ్గర కుర్చీలో, తల వేలాడేసుకుని.

డాక్టరు ఫోటోలేవీ చూపించలేదు. తెల్లకాగితం మీద బెంచీ, మనిషి, తుపాకీ గీసి నెమ్మదిగా చెప్పారు. వదిన అంతా విని, "మా మీద జాలిపడి ఇలా రాశారా?" అని అడిగింది.

"లేదమ్మా. మసి కనపడకపోతే తేల్చలేమని రాసేవాణ్ణి. దూరం నుంచి కాల్చినట్టు కనపడితే అదే రాసేవాణ్ణి. అప్పుడు ఈ అబ్బాయి జైల్లో ఉండేవాడు, వీళ్ళక్క నన్ను తిట్టిపోసేది."

అంత కటువైన మాట మా మొహం మీదే అనేశారేమిటా అనుకున్నాను. కానీ ఆ మాటకే వదిన భుజాలు దిగాయి. జాలితో చెప్పింది అయితే ఆవిడకి పనికొచ్చేది కాదు.

డాక్టరు కుర్చీలోంచి లేచారు. "మీరు కూర్చోండి. నాకు పక్కన కొంచెం పనుంది" అని తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు. పనీ లేదు పాడూ లేదు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నారు, వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి.

వదిన మా తమ్ముడి వైపు తిరిగింది. ఇన్నాళ్ళలో అదే మొదటిసారి.

"ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు బండిలో ఆయన పక్కన నువ్వేగా ఉన్నావు. ఏమన్నా అన్నాడా?"

వాణ్ణి పోలీసులు వంద ప్రశ్నలు అడిగారు, లాయరు అడిగాడు, నేనూ అడిగాను. అందరం తుపాకీ గురించే అడిగాం. ఈ మాట ఎవరమూ అడగలేదు. హంతకుడు మోసుకొచ్చే కబురు ఎవరిక్కావాలి?

"అన్నాడు వదినా. నా చెయ్యి పట్టుకుని." వాడు తల ఎత్తాడు. "ఇవాళ ఆలస్యమయ్యేట్టుంది, నా కోసం చూస్తూ కూర్చోవద్దని మీ వదినకి చెప్పు. టైముకి తినమను, అన్నాడు."



"విసుక్కుంటూ అన్నాడా?"

"లేదు వదినా. రోజూ ఫోన్లో అన్నట్టే అన్నాడు."

ఆవిడ రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. "రోజూ అనేవాడు. ఒక్కరోజూ వినలేదు నేను" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. నేను లేచి వెళ్ళి పక్కన కూర్చుంటే పొమ్మనలేదు.

కొంతసేపటికి ఎవరో తలుపు తట్టారు. డాక్టరే, తన గది తలుపు తనే తట్టి, కొంచెం తెరిచి, లోపలికి రావచ్చా అన్నట్టు చూశారు. ఆ మనిషి కాళ్ళ మీద పడాలనిపించింది నాకు. ఇంతలో వదిన కళ్ళు తుడుచుకుని, "కాసేపు ఆగండి డాక్టర్‌గారూ, ఈ అబ్బాయి ఇంకా చెప్తున్నాడు" అంది. ఆయన సరేనని తలుపు మళ్ళీ దగ్గరికి వేశారు. వదిన కుర్చీని మా తమ్ముడి దగ్గరికి జరుపుకుని, "ఊ, ఆ పొద్దున్న వచ్చిన దగ్గర్నించీ చెప్పు" అంది.